జగోరి గ్రామాలు

జగోరి అనునది గ్రీసు దేశపు వాయవ్య భాగంలో, ఎపిరస్ ప్రాంతంలో, పిండస్ పర్వతాల నడుమ ఉన్న 46 గ్రామాల సముదాయం. ఈ గ్రామాలన్నింటినీ కలిపి గ్రీకు భాషలో జగోరోహోరియా, అనగా "జగోరి ఊళ్ళు" అంటారు. వీటి పరిపాలనా కేంద్రం అస్ప్రాంగెలి. సమీప నగరం ఇయోనినా. సుమారు 1,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల ఈ ప్రాంతంలో 2011 జనాభా లెక్కల నాటికి నివసిస్తున్నవారు నాలుగు వేల లోపే. 2023 సెప్టెంబరులో యునెస్కో సంస్థ దీనిని "జగోరి సాంస్కృతిక భూదృశ్యం" అనే పేరుతో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

గ్రీసు అనగానే పాఠ్యపుస్తకాలు చదివినవారికి ఏథెన్సు, స్పార్టా, పార్థెనాన్ మందిరం గుర్తుకు వస్తాయి. పర్యాటక చిత్రాలు చూసినవారికి నీలి సముద్రపు ఒడ్డున సున్నం వేసిన తెల్లని ఇళ్ళు గుర్తుకు వస్తాయి. జగోరిలో ఈ రెండూ కానరావు. ఇక్కడ కొండ రాయితో కట్టిన బూడిద రంగు ఇళ్ళు, వాటిపై రాతి పలకల కప్పులు, ఊరికీ ఊరికీ నడుమ లోతైన లోయలు, ఆ లోయలపై కమాను వంతెనలు ఉంటాయి. చలికాలంలో మంచు కురుస్తుంది. దూరం నుండి చూస్తే ఊరు ఏదో, కొండ ఏదో వెంటనే తెలియదు.

పేరు

"జగోరి" స్లావు భాషల నుండి వచ్చిన మాట. "జా" అనగా వెనుక, "గోరా" అనగా కొండ. కనుక జగోరి అంటే "కొండ వెనుక సీమ". గ్రామాల పేర్లలో కొన్ని స్లావు మూలాలవి (త్సెపెలోవో, కపెసోవో), కొన్ని గ్రీకు మాటలు. మొనోదెంద్రి అంటే ఒంటిచెట్టు, దిలోఫో అంటే జంటగుట్టలు, కిపి అంటే తోటలు. గ్రీకు పేర్లలో కొన్ని ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో ప్రభుత్వం పాత పేర్లను మార్చి పెట్టినవి. దిలోఫో పూర్వనామం సోపోత్సెలి, అస్ప్రాంగెలి పూర్వనామం దోవ్రా. పెద్దవారి నోట పాత పేర్లు చాలాకాలం నిలిచాయి.

ప్రకృతి

జగోరికి ఉత్తరాన తింఫి పర్వతం గోడవలె నిలిచి ఉంటుంది. దీని అత్యున్నత శిఖరం గమీలా (2,497 మీటర్లు). గమీలా అంటే ఒంటె. శిఖరపు ఆకారాన్ని బట్టి ఈ పేరు వచ్చింది. దీని పక్కనే ఆస్త్రాకా (2,436 మీటర్లు) అనే నిలువు కొండచరియ ఉన్నది. పపింగో గ్రామం నుండి చూసేవారికి సాయంకాలపు ఎండలో ఈ చరియలు ఎర్రబడటం కనిపిస్తుంది.

తింఫి ప్రధానంగా సున్నపురాతి పర్వతం. సున్నపురాయి నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది. అందువలన వానలు, మంచు బాగానే పడినా నీరు పైన నిలువక పగుళ్ళ గుండా లోపలికి ఇంకిపోయి, ఎక్కడో దిగువన ఊటలుగా బయటకు వస్తుంది. ఎత్తయిన గడ్డిమైదానాలు వేసవిలో ఎండిపోయి ఉంటే, వాటికి అనేక వందల మీటర్ల దిగువన నది నిండుగా పుడుతుంది. జగోరి గ్రామాలు ఎక్కడ వెలిశాయో, ఎందుకు అక్కడే వెలిశాయో తెలుసుకోవాలంటే ముందుగా ఊటలు ఎక్కడ ఉన్నాయో చూడాలి.

వికోస్ లోయ ఈ సున్నపురాతి ప్రాంతాన్ని చీల్చుకొని పోయే అగాధం. పొడవు సుమారు 20 కిలోమీటర్లు. వెడల్పుతో పోల్చినప్పుడు ప్రపంచంలోనే అతి లోతైన లోయగా గిన్నిస్ పుస్తకం దీనిని పేర్కొన్నది. ఆ లెక్క ప్రకారం ఒకచోట లోతు 900 మీటర్లు, పై అంచుల మధ్య దూరం 1,100 మీటర్లు. కొలిచే చోటును, పద్ధతిని బట్టి ఈ అంకెలు మారతాయి కనుక వేర్వేరు పుస్తకాలలో వేర్వేరు కొలతలు కనిపిస్తే పాఠకులు తికమక పడనవసరం లేదు. లోయ పై భాగంలో నదీగర్భం వేసవిలో పొడిగా, బండరాళ్ళతో నిండి ఉంటుంది. వికోస్ గ్రామానికి దిగువన ఊటలు పొంగి వోయిదోమాతిస్ నదిగా మారుతాయి. ఈ నది నీరు నడివేసవిలో కూడా చేయి పెట్టలేనంత చల్లగా, అడుగున ఉన్న గులకరాళ్ళు లెక్కపెట్టగలిగినంత తేటగా ఉంటుంది. ఇది ఆవొస్ నదిలో కలుస్తుంది. ఆవొస్ అల్బేనియాలో ప్రవేశించి వియోసా అనే పేరుతో ఏడ్రియాటిక్ సముద్రాన్ని చేరుతుంది.

వోయిదోమాతిస్ ఒడ్డున క్లిథి అనే రాతి గుహలో పాత రాతియుగపు వేటగాళ్ళు నివసించిన ఆనవాళ్ళు 1980లలో జరిగిన త్రవ్వకాలలో బయటపడినవి. మంచుయుగం చివరి కాలంలో వారు ఇక్కడి చరియలపై తిరిగే కొండమేకలను వేటాడేవారు.

తింఫి పైన 2,050 మీటర్ల ఎత్తున ద్రకోలిమ్ని, అనగా డ్రాగన్ సరస్సు ఉన్నది. పూర్వం ఇక్కడ ఒక డ్రాగన్, ఎదురుగా ఉన్న స్మోలికాస్ పర్వతపు సరస్సులో మరొక డ్రాగన్ ఉండి, ఒకదానిపై ఒకటి బండలు, చెట్లు విసురుకొనేవని జానపద కథ. సరస్సులో నిజంగా ఉన్నది ఆల్పైన్ న్యూట్ అనే జానెడైనా లేని, తోక గల ఉభయచర జంతువు. దాని పొట్ట నారింజ రంగులో ఉంటుంది. కథకు ఈ జీవే ఆధారమని కొందరు భావిస్తారు.

1973లో వికోస్, ఆవొస్ లోయలను కలిపి జాతీయ వనంగా ప్రకటించారు. 2005లో దీనిని, పొరుగున ఉన్న మరొక వనాన్ని చేర్చి సుమారు 1,970 చదరపు కిలోమీటర్ల ఉత్తర పిండస్ జాతీయ వనాన్ని ఏర్పరచారు. గోధుమరంగు ఎలుగుబంట్లు, తోడేళ్ళు, అడవిపందులు, షమోయ్ అనే కొండజాతి జంతువులు ఇక్కడ నివసిస్తున్నాయి. లోయలో ఔషధ మొక్కలు విస్తారం. వికోస్ వైద్యులుగా పేరుపడిన నాటువైద్యులు వీటిని సేకరించి మందులు తయారుచేసి దూరదేశాలకు సైతం వెళ్ళి వైద్యం చేసేవారు.

చరిత్ర

వీత్సా గ్రామం వద్ద క్రీ.పూ. 9 నుండి 4వ శతాబ్ది వరకు మొలోసియన్లు అనే పురాతన తెగవారి నివాసం ఉన్నట్లు త్రవ్వకాలలో తేలింది. అయితే నేడు మనం చూసే జగోరి ప్రధానంగా ఒట్టోమన్ తురుష్కుల పాలనా కాలంలో రూపుదిద్దుకొన్నది.

1430లో ఇయోనినా నగరం ఒట్టోమన్లకు లొంగిపోయింది. జగోరి గ్రామాలు కూడా పోరాడక ఒప్పందం చేసుకొని, పన్నులు, కొన్ని సేవలు సమర్పించే షరతుపై స్వయంపాలన హక్కును నిలుపుకొన్నాయి. సుల్తాను అశ్వశాలలలో పనిచేయుటకు మనుషులను పంపడం ఆ సేవలలో ఒకటి. గ్రామాల సమాఖ్య తన పెద్దలను తానే ఎన్నుకొని, పన్నులు తానే వసూలు చేసేది. ఈ హక్కులు కాలానుగుణంగా పెరుగుతూ, తరుగుతూ 1868 వరకు కొనసాగాయి. 1913లో బాల్కన్ యుద్ధాల ఫలితంగా ఎపిరస్‌లోని ఈ భాగం గ్రీసులో చేరింది.

కొండల్లో సాగుభూమి తక్కువ. పుట్టినవారందరికీ తిండి పెట్టగల నేల కాదిది. కాబట్టి మగవారు చిన్న వయసులోనే ఊరు విడిచి వలస వెళ్ళేవారు. కాన్‌స్టాంటినోపుల్, నేటి రొమేనియాలోని వలేకియా, రష్యా, ఈజిప్టు వారి గమ్యస్థానాలు. వర్తకులై, కొందరు గొప్ప ధనవంతులై, ఆ ధనాన్ని సొంత ఊరికి పంపేవారు. ఊరిలో స్త్రీలు, పిల్లలు, వృద్ధులు మిగిలేవారు. పొలం పని, పశువుల పోషణ, వంటచెరకు మోయడం అన్నీ స్త్రీలవే. భర్త ముఖం ఏళ్ళ తరబడి చూడని ఇల్లాళ్ళు ఎందరో. ఎపిరస్ జానపద గేయాలలో పరదేశవాసం మీద పాడుకొనే ఏడుపు పాటలు ఒక ప్రత్యేక శాఖగా ఉండటానికి కారణం ఇదే. జగోరి సౌధాలను, బడులను, వంతెనలను మెచ్చుకొనేటప్పుడు, ఇక్కడ లేనివారి సంపాదనతోనే అవి లేచాయన్న సంగతి మరువరాదు.

ఈ వలస ధనంలో గణనీయమైన భాగం చదువుకు వెచ్చించబడటం విశేషం. మొనోదెంద్రికి చెందిన రిజారిస్ సోదరులు మాంథోస్, జార్జియోస్ పెట్టిన నిధితో ఏథెన్సులో రిజారియోస్ మతవిద్యాలయం 1844లో ప్రారంభమైనది. పండితుడు నియోఫితోస్ దూకాస్ పుట్టినది ఆనో పెదినా గ్రామంలో. కపెసోవోలో 1861 నాటి పాస్కాలియోస్ పాఠశాల భవనం ఇప్పటికీ ఉన్నది. కొన్ని వందల గడపలు కూడా లేని ఒక కొండ ఊరిలో అంతటి బడి చూస్తే, బడిపంతులుగా పనిచేసిన ఎవరికైనా కొంచెం అసూయ కలగక మానదు.

రెండవ ప్రపంచ యుద్ధంలో 1940 అక్టోబరు చివర ఇటలీ సైన్యం పిండస్ పర్వతాల మీదుగా దండెత్తినప్పుడు, ఇక్కడి స్త్రీలు మందుగుండు పెట్టెలను వీపున మోసి, మంచు కొండల్లో ముందువరుస సైనికులకు చేరవేశారు. అస్ప్రాంగెలి సమీపాన వారి స్మారక విగ్రహం ఉన్నది. 1943లో జర్మన్ సైన్యం ఇక్కడి కొన్ని గ్రామాలను తగులబెట్టింది. ఆ వెంటనే 1946–49 అంతర్యుద్ధం వచ్చింది. అటుపిమ్మట ఏథెన్సుకు, జర్మనీకి, అమెరికాకు సాగిన వలసలు మునుపటి వంటివి కావు. ఈసారి కుటుంబాలకు కుటుంబాలే వెళ్ళిపోయాయి.

ఇళ్ళు, బాటలు

జగోరి గ్రామపు నడిబొడ్డును మెసోహోరి అంటారు. అక్కడ రాతిపలకలు పరచిన కూడలి, గుడి (చర్చి), బడి, మధ్యలో పెద్ద ప్లేన్ చెట్టు ఉంటాయి. కాశ్మీరంలో చినార్ అని పిలిచే వృక్షం ఇదే. ఇళ్ళు వీధివైపు ఎత్తైన ప్రహరీగోడతో, కప్పు గల బరువైన తలవాకిలితో మూసుకొని ఉంటాయి. మగవారు లేని ఇళ్ళకు, దొంగల భయమున్న కాలానికి ఇది తగిన ఏర్పాటు. లోపల నడవ, పొయ్యి గది, చెక్క పైకప్పు, ధనికుల ఇళ్ళలో గోడలపై పూలచిత్రాలు ఉంటాయి. గోడలో అక్కడక్కడ పొడవుగా చెక్క దూలాలను పొదుగుతారు. భూకంపం వచ్చినప్పుడు రాతిగోడ ఒక్కసారిగా విచ్చిపోకుండా ఇవి పట్టి ఉంచుతాయి.

కప్పుపై పరిచే రాతిపలకలు చాలా బరువైనవి. వాటికి మేకులు ఉండవు, తమ బరువుతోనే నిలుస్తాయి. ఏటా మంచు కరిగిన తరువాత జారిన పలకలను సర్దుతూ ఉండాలి. మనుషులు ఉన్న ఇంటికి ఇది మామూలు పని. తాళం వేసిన ఇంటిలో మాత్రం ఒక పలక జారితే నీరు దిగి దూలం పుచ్చుతుంది, దూలం విరిగితే ఆ బరువంతా కిందికి వచ్చి గోడలనే కూల్చివేస్తుంది.

ఈ కట్టడాలను నిర్మించినవారిలో అధికులు పొరుగునే ఉన్న కొనిత్సా ప్రాంతపు మేస్త్రీలు. పిర్సోయాని, వూర్బియాని వారి ప్రసిద్ధ గ్రామాలు. వీరు ముఠాలుగా బయలుదేరి బాల్కన్ దేశాలంతటా తిరిగి పనిచేసేవారు. యజమానికి అర్థం కాకుండా తమలో తాము మాట్లాడుకొనుటకు కుదారితికా అనే రహస్య భాష ఒకటి వీరికి ఉండేది.

గ్రామాలను కలిపే రాతి బాటలను కల్దెరిమి అంటారు. నిటారు కొండలపై ఇవి మెట్లవుతాయి. వ్రదెతో (సుమారు 1,340 మీటర్లు) జగోరిలో అన్నింటికంటె ఎత్తున ఉన్న గ్రామం. దీనికి 1970లలో మోటారు రోడ్డు పడేవరకు కొండ అంచున మెలికలు తిరిగే రాతిమెట్ల దారి ఒక్కటే ఆధారం. బరువులు మోసే గాడిదల అడుగుకు సరిపోయేలా మెట్లను వెడల్పుగా, తక్కువ ఎత్తుతో కట్టడం గమనించదగినది.

వంతెనలు

వాగులు వానకాలంలో ఉగ్రరూపం దాల్చేవి కనుక వంతెన లేని ఊరు నెలల తరబడి ఒంటరి అయ్యేది. అందువలన జగోరిలో పదుల సంఖ్యలో రాతి వంతెనలు వెలిశాయి. చాలా వంతెనలకు ఖర్చు భరించిన దాత పేరో, మరమ్మతు చేయించినవారి పేరో పెట్టారు. వీత్సా దిగువన మిసియోస్ వంతెన 1748 నాటిది. కిపి సమీపంలో కొండచరియల ఇరుకున ఒకే కమానుతో నిలిచిన కొక్కోరోస్ వంతెనను 1750లో నూత్సోస్ కొందోదిమోస్ అనే దాత కట్టించాడు. పక్కన మరయంత్రం నడిపినవాని పేరుతో దానికి కొక్కోరోస్ అనే వాడుకపేరు స్థిరపడింది. మూడు కమానుల ప్లాకిదాస్ వంతెన 1814 నాటిది. ఇది మొదట ఒక మఠాధిపతి కట్టించినది కనుక దీనికి "సన్యాసి వంతెన" అనే అర్థం వచ్చే మరొక పేరు కూడా కలదు. పక్కనుండి చూస్తే గొంగళిపురుగు నడుస్తున్నట్లు ఉంటుంది.

నిర్మాణ విధానం ఇది: మొదట చెక్కతో కమాను ఆకారపు ఊతం కట్టి, దానిపై రెండు వైపుల నుండి రాళ్ళు పేర్చుకొంటూ వచ్చి, చివరగా శిఖరాన కీలకమైన రాయిని బిగిస్తారు. ఊతం తీసివేసినప్పుడు రాళ్ళు ఒకదానినొకటి ఒత్తుకొని బరువును ఒడ్డులకు చేరవేస్తాయి. కమాను ఎంత ఎత్తైతే పక్కకు నెట్టే ఒత్తిడి అంత తగ్గుతుంది. ఈ వంతెనలు గుర్రపు వీపు వలె నిటారుగా లేవడానికి వరద నుండి రక్షణతో పాటు ఇది కూడా కారణం. జగోరి సరిహద్దున కొనిత్సా వద్ద ఆవొస్ నదిపై ఉన్న 1870 ప్రాంతపు పెద్ద వంతెన కమాను కింద ఒక గంట వేలాడుతూ ఉంటుంది. గాలి ఉద్ధృతమైతే అది మ్రోగి బాటసారులను హెచ్చరిస్తుంది.

ఇవి శాశ్వతమని అనుకోరాదు. ఇదే ఎపిరస్‌లో ఆరఖ్థోస్ నదిపై 1866లో కట్టిన ప్లాకా వంతెన 2015 ఫిబ్రవరి 1న వరదలో కూలిపోయింది. దానిని తిరిగి నిర్మించి 2020 నాటికి నిలబెట్టారు.

దేవుని అడవులు

జగోరిలో అనేక గ్రామాలకు ఎగువన, నిటారు వాలుపై, ముదురు ఓక్ చెట్ల తోపు ఒకటి కనిపిస్తుంది. చుట్టూ ఉన్న చెట్ల కంటె ఇందులోవి ఎంతో పెద్దవి. ఈ తోపులను పూర్వం చర్చికి అంకితం చేసి, చెట్టు కొట్టినవారిని మతం నుండి వెలివేస్తామని ప్రకటించారు. వెలి అంటే మరణించిన పిదప శరీరం కూడా మట్టిలో కలవదని ఆనాటి నమ్మకం. కనుక గొడ్డలి ఎత్తే ధైర్యం ఎవరూ చేయలేదు. భయం దైవసంబంధమే కాని, ప్రయోజనం మాత్రం ఇహలోకానిదే. వాలుపై చెట్లు ఉంటే మట్టి, బండలు, మంచు ఊరి మీదికి జారవు, ఊట ఎండదు. ఇటీవలి దశాబ్దాలలో ఇయోనినా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ వనాలను, వాటిలోని జీవజాతులను అధ్యయనం చేశారు.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. నేటి సందర్శకులు జగోరిలో చూసే దట్టమైన అడవి అంతా అనాదిగా ఉన్నది కాదు. పాత ఛాయాచిత్రాలలో ఊళ్ళ చుట్టూ మెట్లమెట్లుగా చెక్కిన పొలాలు, మేకలు మేసిన బోడి వాలులు కనిపిస్తాయి. వేసవిలో సరకత్సాని, వ్లాహు తెగల కాపరులు వేల గొర్రెలతో పైకి వచ్చి, చలికాలానికి మైదానాలకు దిగేవారు. వ్లాహులు తూర్పు జగోరి గ్రామాలలో స్థిరనివాసులు కూడా. మనుషులు, మందలు తగ్గడంతో పొలాలను పొదలు, ఆపై చెట్లు ఆక్రమించాయి. అడవి పెరగడం ఎలుగుబంటికి మేలే. కాని గడ్డినేలలపై ఆధారపడిన పూలమొక్కలకు, సీతాకోకచిలుకలకు, గ్రద్దలకు అది నష్టం. వాడుక లేని బాటలు కూడా పొదలలో మరుగునపడుతున్నవి.

నేటి స్థితి

1970లలో ఖాళీ అయిన ఇళ్ళను చూసి గ్రీకు ప్రభుత్వం కదిలింది. 1978 నాటి అధ్యక్ష శాసనంతో దేశంలోని అనేక సంప్రదాయ గ్రామాలకు రక్షణ లభించింది. జాతీయ పర్యాటక సంస్థ 1975లో ఆరంభించిన పథకం కింద కొన్ని గ్రామాలలో పాత ఇళ్ళను బాగుచేసి అతిథిగృహాలుగా మార్చారు. జగోరిలో పపింగో అందులో ఒకటి. కొత్తగా కట్టే ఇల్లు కూడా స్థానిక రాతితోనే, పాత పద్ధతిలోనే కనపడాలని నిబంధన.

ఈ నిబంధనల వలన ఊళ్ళు తమ రూపును కాపాడుకొన్నాయి. అదే సమయంలో రాతిపని ఖర్చు పెరిగి, సామాన్యుడైన గ్రామస్థుడు తన తాతల ఇంటిని బాగుచేసుకొనుట కష్టమైనది. పర్యాటకం వచ్చిన ఊళ్ళు (పపింగో, మొనోదెంద్రి, కిపి, త్సెపెలోవో) కొంత కోలుకొన్నాయి. రోడ్డుకు దూరంగా ఉన్నవి, ముఖ్యంగా తూర్పు భాగంలోనివి, చలికాలంలో దాదాపు నిర్మానుష్యంగా ఉంటాయి. అనేక ఊళ్ళలో బడులు పిల్లలు లేక మూతపడ్డాయి. వారసత్వ జాబితాలో చేరడం వలన సందర్శకులు పెరుగుతారు, కాని పలక జారినప్పుడు ఎక్కి సర్దేవారు ఊళ్ళోనే కాపురముండాలి.

సందర్శన

ఏథెన్సు నుండి ఇయోనినాకు రోడ్డు మార్గంలో సుమారు 420 కిలోమీటర్లు. థెస్సలోనికి నుండి 2009లో పూర్తయిన ఎగ్నాతియా రహదారి మీదుగా సుమారు 260 కిలోమీటర్లు. ఇయోనినాలో విమానాశ్రయం ఉన్నది. అక్కడినుండి మొనోదెంద్రి 40 కిలోమీటర్ల లోపు, పపింగో 60 కిలోమీటర్లు. గ్రామాలకు బస్సులు చాలా అరుదు కనుక అద్దె కారు తీసుకొనుట మేలు. మే నుండి జూన్ వరకు పూలు, నీరు సమృద్ధిగా ఉంటాయి. అక్టోబరులో ఆకులు రంగులు మారతాయి. ఎత్తైన చోట్ల మంచు జూన్ వరకు ఉండవచ్చును.

నడవలేనివారు వికోస్ లోయను మొనోదెంద్రి ఎగువన ఉన్న ఒక్సియా నుండి చూడవచ్చును. వ్రదెతో నుండి కొద్ది దూరం నడిచి బెలోయి అనే చోటికి చేరితే లోయ మొత్తం పాదాల కింద తెరుచుకొంటుంది. నడవగలిగినవారు మొనోదెంద్రి నుండి లోయలోకి దిగి వికోస్ గ్రామం చేరవచ్చును. దూరం సుమారు 12 కిలోమీటర్లు, కాని బండల మీద నడక కనుక ఆరేడు గంటలు పడుతుంది. దారిలో నీరు దొరకని భాగమే ఎక్కువ. ద్రకోలిమ్నికి మిక్రో పపింగో నుండి 1,000 మీటర్లకు పైగా ఎక్కాలి. ఆస్త్రాకా కనుమ వద్ద 1,950 మీటర్ల ఎత్తున పర్వతారోహకుల విడిది ఉన్నది. కొండల మీద వేసవి మధ్యాహ్నాలలో ఉరుములతో వాన హఠాత్తుగా వస్తుంది కనుక ఉదయమే బయలుదేరాలి. గొర్రెల మందలకు కాపలా ఉండే కుక్కలు తోడేళ్ళను ఎదిరించేవి. మంద కనిపిస్తే దూరంగా చుట్టి వెళ్ళుట క్షేమం.

భోజనంలో పీతా అనే రొట్టె వంటకాలు ముఖ్యమైనవి. పిండిని పల్చగా జారుగా కలిపి, గుడ్డు, ఫెటా జున్ను వేసి కాల్చే అలెవ్రోపీతా జగోరి ప్రత్యేకత. కాపరి ఇంటిలో తక్కువ సరుకులతో త్వరగా అయ్యే వంట ఇది. మాంసం తిననివారికి ఆకుకూరల పీతాలు దొరుకుతాయి.

ఆగస్టు 15న మరియమాత పండుగకు వలస వెళ్ళినవారు పిల్లాపాపలతో ఊరు చేరుకొంటారు. కూడలిలో రాత్రంతా పానియిరి అనే ఉత్సవం జరుగుతుంది. క్లారినెట్, వయోలిన్, లూట్, కంజిర వంటి దెఫి వాద్యాలు మ్రోగుతాయి. ఎపిరస్ సంగీతం అధికంగా ఐదు స్వరాలపై నడుస్తుంది. కర్ణాటక సంగీతం తెలిసినవారు వింటే అందులో శుద్ధ ధన్యాసి ఛాయ గుర్తుపట్టగలరు. ఉత్సవం సాధారణంగా మిరోలోయి అనే శోకగీతంతో, చనిపోయినవారిని, పరదేశంలో ఉన్నవారిని తలచుకొంటూ మొదలవుతుంది. ఆ పాట ముగిసేవరకు ఎవరూ నాట్యానికి లేవరు. సందర్శకులు కూడా అంతవరకు కూర్చొని వినుట మర్యాద.